30 డాలర్లలో 25 ఇంటికే

రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన అమెరికన్లలో చాలామందికి రెండు డిశ్చార్జి కాగితాలు, అంటే సేవ ముగిసిందని ఇచ్చే పత్రాలు, ఉండేవి. ఒకటి సైన్యం ఇచ్చింది. అంతకుముందుది సివిలియన్ కన్జర్వేషన్ కోర్ (సీసీసీ), అంటే పనిలేని కుర్రాళ్ళకు అడవుల్లో పని చూపిన ప్రభుత్వ పథకం, ఇచ్చింది. ఈ మొదటి కాగితం వెనక ఉన్నది ఆకలి.

1933లో అక్కడ పని చేయగలిగినవాళ్ళలో దాదాపు నలుగురికి ఒకరు ఖాళీగా ఉన్నారు. మార్చి 4న అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఆ నెలాఖరుకే ఈ పథకానికి చట్టం తెచ్చారు. ఏప్రిల్ 17న వర్జీనియా అడవుల్లో తొలి క్యాంపు మొదలైంది. పెళ్ళికాని కుర్రాళ్ళకు, మొదట్లో 18 నుంచి 25 ఏళ్ళవాళ్ళకు, తిండి, బట్ట, పడక, నెలకు 30 డాలర్లు. అందులో 25 మామూలుగా నేరుగా ఇంటికే వెళ్ళేవి. ఈ పథకంలో నన్ను కదిలించేది ఇదే. ఇంటికి బరువయ్యానని కుమిలిపోతున్న కొడుకు పంపే డబ్బుతో తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ అన్నం తిన్నారు. తొమ్మిదేళ్ళలో దాదాపు 30 లక్షల మంది ఆ క్యాంపుల్లో పనిచేసి, సుమారు 300 కోట్ల మొక్కలు నాటారు.

పని చూపించేది అటవీ శాఖలాంటి విభాగాలు, క్యాంపు నడిపేది సైన్యం. లక్షల మందికి కొద్ది నెలల్లో వసతి చూపగల యంత్రాంగం ఇంకెవరి దగ్గరా లేదు. జర్మనీలో హిట్లర్ అప్పుడే గద్దెనెక్కాడు. క్యాంపులు సైన్యం చేతిలో ఉంటే మన పిల్లల్నీ అక్కడిలాగే సిపాయిల్ని చేస్తారేమోనని అమెరికా కార్మిక సంఘాలకు టెన్షన్. అందుకే కార్మిక నాయకుడు రాబర్ట్ ఫెక్నర్‌ను డైరెక్టరుగా పెట్టారు, తుపాకీ శిక్షణ జోలికి పోలేదు.

తుపాకీ పట్టకపోయినా చాలా నేర్చుకున్నారు. బూర వినగానే లేవడం, పక్క సర్దడం, ట్రక్కు నడపడం, వందమందికి వండటం. 1940 సెప్టెంబరులో నిర్బంధ సైనిక సేవ చట్టం వచ్చాక వీళ్ళకి బ్యారక్ కొత్తగా అనిపించి ఉండదు. సైన్యంలో నెల జీతం మాత్రం మొదట 21 డాలర్లే, క్యాంపుకన్నా తక్కువ. 1942లో 50 చేశారు. అదే ఏడాది అమెరికా చట్టసభ కాంగ్రెస్ నిధులు ఆపేయడంతో సీసీసీ ముగిసింది.

నల్లజాతి కుర్రాళ్ళకు ఇంకో సంగతి కూడా కొత్త కాదు. జాతి వివక్ష వద్దని సీసీసీ చట్టంలోనే రాసి ఉన్నా, వాళ్ళలో ఎక్కువమందిని వేరే క్యాంపుల్లో పెట్టారు. సైన్యంలోనూ వేరే దళాలే. అది మానాలన్న అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు 1948లో గానీ రాలేదు.

1944 నాటి జీఐ బిల్లు అనే చట్టం తిరిగొచ్చిన సైనికులకు కాలేజీ చదువు, ఇంటి అప్పుకు హామీ ఇచ్చింది. వాటికి పనికొచ్చింది సైన్యం ఇచ్చిన కాగితమే. అడవిలో గడిపిన నెలలు సైనిక సేవ కింద లెక్కకు రాలేదు.