వెనక క్యాలిపర్ పిస్టన్ లోపలికి పోవడం లేదా? సుత్తి తీసే ముందు ఇది చదవండి

పోయిన నెల చీమకుర్తి వైపు నుంచి ఒక కారును తాడు కట్టి లాక్కొచ్చారు. ఓనరు వెనక బ్రేక్ ప్యాడ్లు ఇంటి దగ్గరే మార్చుకుందామని మొదలుపెట్టాడు. అంతకుముందు ముందు చక్రాలవి సొంతంగానే మార్చుకున్నాడు. సి-క్లాంపు (మర తిప్పి బిగించే పనిముట్టు) పెట్టి బిగిస్తే పిస్టన్, అంటే ప్యాడ్‌ను డిస్కు మీదికి తోసే గుండ్రటి ముక్క, మెత్తగా లోపలికి పోయిందట. వెనక మాత్రం కదల్లేదు. ఇంకాస్త బిగించాడు, క్లాంపు మీద సుత్తితో కూడా కొట్టాడు. పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు బూటు (తొడుగు) చిరిగింది, లోపలి థ్రెడ్డు పాడైంది, హ్యాండ్ బ్రేక్ పనిచేయడం మానేసింది.

"తుప్పు పట్టి బిగుసుకుపోయింది అన్నా" అన్నాడు. విప్పి చూస్తే పిస్టన్ అద్దంలా మెరుస్తోంది. తిప్పాల్సిన పిస్టన్‌ను అతను నొక్కాడు. ప్యాడ్లతో పోయే ఖర్చు, పిస్టన్‌నూ ప్యాడ్లనూ పట్టి ఉంచే క్యాలిపర్ దాకా వచ్చింది. ఒంగోలులో నా షెడ్డుకు ఇలాంటివి వస్తూనే ఉంటాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: ముందు బ్రేకు, వెనక బ్రేకు ఒకటే. గట్టిగా నొక్కితే పోవాల్సిందే.

వాస్తవం: స్విఫ్ట్, వ్యాగన్ ఆర్ లాంటి బండ్లకు వెనక డ్రమ్ములే కాబట్టి ఈ ఇబ్బంది చాలామందికి ఎదురై ఉండదు. నాలుగు చక్రాలకూ డిస్కులున్న బండిలో హ్యాండ్ బ్రేక్ చాలావరకు వెనక క్యాలిపర్‌లోనే ఉంటుంది. పిస్టన్ లోపల ఒక మర ఉంటుంది. హ్యాండ్ బ్రేక్ లాగితే కేబుల్ క్యాలిపర్ వెనకున్న లివర్‌ను తిప్పుతుంది, ఆ కదలికకు మర పిస్టన్‌ను డిస్కు వైపు తోస్తుంది. ప్యాడ్ అరిగేకొద్దీ ఆ మర తనంతట తాను కొద్దికొద్దిగా ముందుకు జరుగుతుంది. అలా జరిగింది వెనక్కి రావాలంటే తిప్పాలి. నొక్కితే రాదు.

ఏ రకమో పిస్టన్ ముఖం చూస్తే తెలుస్తుంది. ప్లస్ ఆకారంలో గాడి గానీ, ఎదురెదురుగా చిన్న గుంటలు గానీ ఉంటే తిప్పే రకం. దీనికి పిస్టన్ తిప్పే టూలు విడిగా దొరుకుతుంది. ముక్కు పటకారుతో తిప్పేవాళ్లను చూశాను. జారితే బూటు చిరుగుతుంది, వద్దు. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించండి. బండి కదలకుండా ముందు చక్రాలకు రాళ్లు పెట్టండి. హ్యాండ్ బ్రేక్ లాగే ఉంచి పిస్టన్‌తో కుస్తీ పట్టేవాళ్లు చాలామంది. టూలుతో కాస్త ఒత్తిడి పెడుతూ తిప్పాలి. ఊరికే తిప్పితే ఉన్నచోటే తిరుగుతుంది. ఎక్కువ బండ్లకు గడియారం ముల్లు తిరిగే దిక్కున తిప్పాలి. కొన్నింటికి ఒకవైపు చక్రానికి ఎదురు థ్రెడ్డు ఉంటుంది. కాబట్టి కదలకపోతే బలం పెంచకండి, ఆ బండి మాన్యువల్ చూడండి. చివర్లో పిస్టన్ మీది గాడి, ప్యాడ్ వెనకున్న చిన్న పిన్ను కూర్చునేలా సరిగ్గా రావాలి. అది తప్పితే ప్యాడ్ వంకరగా అరుగుతుంది.

కొన్ని బండ్లలో వెనక డిస్కు మధ్యలోనే హ్యాండ్ బ్రేక్ కోసం చిన్న డ్రమ్ము ఉంటుంది. వాటిలో పిస్టన్‌ను మామూలుగా నొక్కవచ్చు.

అపోహ: ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ అయితే బ్యాటరీ వైరు తీసేస్తే చాలు.

వాస్తవం: ఈ బ్రేకును బిగించేది క్యాలిపర్ మీదున్న చిన్న మోటారు. కరెంటు తీసినా అది ఉన్నచోటే ఉంటుంది. దాని వెనకున్న నట్టు పిస్టన్‌కు అడ్డంగానే ఉంటుంది. స్కానర్‌తో గానీ, కంపెనీ చెప్పిన పద్ధతిలో గానీ సర్వీస్ మోడ్‌లో (రిపేరు కోసం బ్రేకును వదులు చేసే స్థితిలో) పెడితేనే మోటారు వెనక్కి తిరుగుతుంది. ఆ తర్వాతే పిస్టన్ జరుగుతుంది. బలవంతం చేస్తే మోటారు గేర్లు దెబ్బతింటాయి.

అపోహ: పిస్టన్ కదలకపోతే క్యాలిపర్ పోయినట్టే. కొత్తది వేయాలి.

వాస్తవం: నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ మాటే. మార్చనవసరం లేని క్యాలిపర్‌కు జనం డబ్బు పోస్తున్నారు. తిప్పే రకం కాదని తేలాక, క్యాలిపర్ మీద ఆయిల్, గాలి బయటికి వదలడానికి ఉండే బ్లీడర్ నిప్పిల్‌కు సన్న పైపు తొడిగి, దాని కొసను కొద్దిగా బ్రేక్ ఆయిల్ ఉన్న సీసాలో ముంచి, నిప్పిల్ అర చుట్టు వదులు చేసి నొక్కండి. ఇప్పుడు పిస్టన్ సులువుగా పోతే క్యాలిపర్ బాగానే ఉన్నట్టు. ఆయిల్ వెనక్కి పోయే దారిలో అడ్డు ఉంది. ఎక్కువసార్లు అది లోపల ఉబ్బిన రబ్బరు హోసే. పైకి కొత్తదానిలా కనిపిస్తుంది, లోపల దారి మూసుకుపోయి ఉంటుంది. నిప్పిల్ తెరిచినా కదలకపోతే అప్పుడు పిస్టన్ మీద అనుమానపడాలి. పని అయ్యేదాకా నిప్పిల్ తెరిచి ఉంచకండి, గాలి లోపలికి చేరితే మళ్లీ బ్లీడింగ్ చేయాలి, అంటే ఆ గాలిని బయటికి తీయాలి.

క్యాలిపర్ వెనకున్న లివర్ కూడా చూడండి. కేబుల్ లోపల తుప్పు పడితే హ్యాండ్ బ్రేక్ దించినా లివర్ తన స్టాపర్ దాకా వెనక్కి రాదు. అలా ఉంటే కేబుల్ మార్చాలి.

ఇక స్లైడ్ పిన్నులు, అంటే క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే కడ్డీలు. మన తీరంలో అసలు గొడవ ఇక్కడే. కొత్తపట్నం, మైపాడు బీచ్‌లకు పోయి ఇసుకలో, అలల అంచున బండి తిప్పి, ఇంటికొచ్చి కడగకుండా వదిలేస్తారు. ఉప్పునీరు చిరిగిన బూటులో నుంచి పిన్నుల్లోకి పోతుంది. చీమకుర్తి గ్రానైట్ దుమ్ము కూడా అలాగే చేరి గ్రీజును పేస్టులా చేస్తుంది. పిన్ను బిగుసుకుంటే క్యాలిపర్ జరగదు. అప్పుడు లోపలి ప్యాడ్ అరిగిపోయి, బయటి ప్యాడ్ కొత్తగా కనిపిస్తుంది. పిన్నులు తీసి శుభ్రం చేసి, బ్రేకులకు పనికొచ్చే సిలికాన్ గ్రీజు రాస్తే చాలా బండ్లు కుదురుకుంటాయి. ఒక పిన్నుకు రబ్బరు బుష్ ఉంటే దాన్ని రెండో రంధ్రంలో పెట్టకండి.

అపోహ: పెట్రోలుతో కడిగి, మామూలు గ్రీజు పూస్తే సరి.

వాస్తవం: బ్రేకు సీళ్ల రబ్బరు బ్రేక్ ఆయిల్‌ను తట్టుకునేలా తయారైంది. పెట్రోలు, డీజిలు, ఇంజన్ ఆయిల్, మామూలు గ్రీజు తగిలితే ఉబ్బిపోతుంది. ఈరోజు బాగానే పనిచేసిన బ్రేకు కొన్నాళ్లకు పట్టేస్తుంది. బ్రేక్ క్లీనర్ స్ప్రే వాడండి. గాలి పైపుతో ఊదితే ఆ దుమ్మంతా మన ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నా దగ్గర పనిచేసే పిల్లలకు ఇది గట్టిగా చెబుతాను.

అపోహ: బ్రేక్ ఆయిల్ తగ్గితే పోసుకుంటే చాలు, మార్చక్కర్లేదు.

వాస్తవం: ప్యాడ్లు అరిగితే ఆయిల్ మట్టం తగ్గడం సహజం. అప్పుడు నిండా పోస్తే, కొత్త ప్యాడ్లు వేసి పిస్టన్లు వెనక్కి పంపేటప్పుడు పొంగి పెయింటు మీద పడుతుంది, రంగు లేస్తుంది. పడితే వెంటనే నీళ్లు పోయండి. పైగా ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి వస్తే ఆ వేడి వచ్చేస్తుంది. ఆయిల్ మరిగితే పెడల్ మెత్తబడి కిందికి పోతుంది. మామూలుగా 2 ఏళ్లకు ఒకసారి మార్చండి.

విప్పిన క్యాలిపర్‌ను హోసుకు వేలాడదీయకండి, తీగతో కట్టండి. ప్యాడ్లు రెండు వైపులా ఒకేసారి మార్చండి.

అంతా బిగించాక, స్టార్ట్ చేసే ముందే పెడల్‌ను గట్టిపడేదాకా మళ్లీ మళ్లీ తొక్కండి. మొదటి తొక్కుకు పెడల్ నేల దాకా పోతుంది. అది తెలియక అలాగే రివర్సు వేసి గేటు గుద్దినవాళ్లున్నారు. తర్వాత నాలుగైదు కిలోమీటర్లు తిప్పి ఆపండి. రిమ్ముకు తగలకుండా, చేతిని కాస్త ఎడంగా పెట్టి నాలుగు చక్రాల వేడి చూడండి. వెనక రెండింటిలో ఒకటి మాత్రమే మండిపోతుంటే అది ఇంకా పట్టుకునే ఉంది. మళ్లీ జాకీ ఎత్తండి.