పాదం పూర్తయ్యాకే ఫోను

"మెసేజి చూడ్డానికి మూడు సెకన్లు కూడా పట్టదు, ఆ మాత్రానికే పని చెడుతుందా?" అని చాలామంది అడుగుతుంటారు. చెడుతుంది. ఎంత చెడుతుందో కొలిచి చూశారు కూడా. అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో ఎరిక్ ఆల్ట్‌మన్ బృందం 300 మందికి ఏడు మెట్ల పని ఒకటి ఇచ్చింది. ఆ మెట్లు వరస తప్పకుండా మళ్లీ మళ్లీ చేస్తూ పోవాలి. ఏ మెట్టు మీద ఉన్నామో తెర మీద కనపడదు, గుర్తుపెట్టుకోవాల్సిందే. మధ్యమధ్యలో ఏవో అక్షరాలు ప్రత్యక్షమవుతాయి, వాటిని టైప్ చేసి మళ్లీ పనిలోకి రావాలి. ఆ అంతరాయం సగటున 2.8 సెకన్లున్నప్పుడు వరస తప్పడం రెట్టింపైంది. 4.4 సెకన్లున్నప్పుడు మూడు రెట్లైంది. ఫలితాలు 2014లో అచ్చయ్యాయి.

ఇక్కడ పోయింది తెలివీ కాదు, ఓపికా కాదు. ఆపిన చోటు పోయింది. చేసిన మెట్టే మళ్లీ చెయ్యడం, చెయ్యాల్సిన మెట్టు దాటెయ్యడం. కూరలో ఉప్పు రెండోసారి పడేదీ, లెక్కల్లో ఒక వరస ఎగిరిపోయేదీ ఇలాగే.

"మనిషి ధ్యాస ఎనిమిది సెకన్లకు పడిపోయింది, గోల్డ్‌ఫిష్ నయం" అనే మాట వేదికల మీద తరచూ వినిపిస్తుంది. దాని వెనక నమ్మదగిన ప్రయోగం ఏదీ లేదు. గోల్డ్‌ఫిష్ కూడా నేర్పినదాన్ని వారాల తరబడి గుర్తుంచుకుంటుంది. చదువు సాగని పిల్లవాడికి ఇలాంటి కబుర్లు చెప్పి భయపెట్టడం కంటే, ఆపిన చోటు ఎలా పదిలపరచుకోవాలో నేర్పడం మేలు.

అది నేర్చుకోవడానికి అష్టావధానాన్ని మించిన పాఠం నాకు తెలిసి లేదు. అందులో ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవాళ్లు, చుట్టూ ఉంటే అవధాని అందరికీ అప్పటికప్పుడు బదులిస్తాడు. ఒక పృచ్ఛకుడు సమస్య ఇస్తాడు, అంటే చిక్కైన ఒక పద్యపాదమిచ్చి పద్యం పూర్తిచెయ్యమంటాడు. ఒకరు దత్తపది, అంటే పద్యంలో వాడి తీరాల్సిన పదాలు, ఇస్తారు. ఒకరు నిషిద్ధాక్షరితో, ఫలానా అక్షరం వాడొద్దంటూ, అడుగడుగునా అడ్డం పడతారు. అప్రస్తుత ప్రసంగి పనే అవధాని ధ్యాస చెదరగొట్టడం. మధ్యలో మోగే గంటలు లెక్కపెట్టాలి. "ఎనిమిది పనులు ఒకేసారి చేస్తారు" అని బడిలో చెప్తుంటారు గానీ అది సరికాదు. పద్యం చెప్పేటప్పుడు అవధాని ఆ ఒక్క పద్యం మీదే ఉంటాడు. సమస్యకు ఒక పాదం చెప్పి, దాన్ని అక్కడ వదిలి దత్తపదికి వెళ్తాడు. అలా నాలుగు ఆవృత్తాల్లో (చుట్లలో) నాలుగు పాదాలు పూర్తిచేసి, చివర ధారణలో పద్యాలన్నీ అప్పజెప్తాడు.

ఎక్కడ వదిలాడో చూడండి: పాదం చివర. ఉత్పలమాలనే తీసుకుందాం. పాదానికి భ, ర, న, భ, భ, ర, వ గణాలు (అక్షరాల గుంపులు), మొత్తం 20 అక్షరాలు. పదో అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో పొంతన కుదరాల్సిన చోటు. రెండో అక్షరం ప్రాస. మొదటి పాదంలో రెండో అక్షరం 'ల' పడితే మిగతా మూడు పాదాల్లోనూ అక్కడ లకారమే రావాలి. అంటే పృచ్ఛకులందరినీ చుట్టి వచ్చేసరికి తర్వాతి పాదం ఏ నడకలో, ఏ ప్రాసతో మొదలవ్వాలో ముందే ఖాయమై ఉంటుంది. అందుకునే కొస చేతికి సిద్ధంగా ఉందన్నమాట. అదే పాదం మధ్యలో, ఏడో అక్షరం దగ్గర ఆపితే? సగం గణం, కుదరని యతి, తెగిపోయిన అన్వయం, ఇవన్నీ మోసుకుంటూ పక్క పద్యంలోకి వెళ్లాలి.

మనం ఫోను తీసినప్పుడల్లా ఏడో అక్షరం దగ్గరే ఆపుతున్నాం. ఒక పని తెమలకుండా రెండోదానికి మారితే ధ్యాసలో కొంత మొదటిదాని దగ్గరే ఉండిపోతుందని పరిశోధకురాలు సోఫీ లెరాయ్ 2009లో చూపించింది. ఆమే థెరెసా గ్లోంబ్‌తో కలిసి 2018లో విరుగుడూ చూపించింది: మారే ముందు, ఎక్కడిదాకా వచ్చామో, తిరిగొచ్చాక ఏం చెయ్యాలో ఒక్క నిమిషంలోపు రాసుకోవడం. అలా రాసుకున్నవాళ్లు రెండో పని మెరుగ్గా చేశారు.

అవధానికి ధారణ సాధనతో వస్తుంది, మనకు కాగితం చాలు. "బిల్లులు చూడాలి" అని రాస్తే మాత్రం పనికిరాదు, అందులో కొస లేదు. ఇలా రాయాలి: "46వ వరస వరకు సరిచూశాను. తర్వాత 47. తేడా 180 రూపాయలు. 1,000 మీద 18 శాతం జీఎస్టీ రెండుసార్లు పడిందేమో చూడాలి." చోటు, తర్వాతి అడుగు, మనసులో మెదులుతున్న అనుమానం. ఈ మూడోదే చాలామంది వదిలేస్తారు. తిరిగొచ్చాక పావుగంట తినేది అదే. చీటీ ఫోనులో రాయకూడదు. రాయడానికి తెరిస్తే పైనున్న నోటిఫికేషన్లే ముందు కనపడతాయి. కాల్ వస్తే ఎత్తేముందు ఒక్క రింగు ఆగి, ఉన్న వరస పక్కన పెన్సిలుతో గీత పెట్టండి.

ఫోను ముట్టుకోకపోయినా సరిపోదు. నోటిఫికేషన్ వచ్చిందని తెలిస్తే చాలు, తీసి చూడకపోయినా పనిలో తప్పులు పెరుగుతాయని 2015లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ ప్రయోగంలో తేలింది. కాబట్టి శబ్దంతోపాటు వైబ్రేషన్ కూడా ఆపాలి. బల్ల మీద బర్రుమన్నా మోగినట్టే. వాట్సాప్ గ్రూపుని మ్యూట్ చేసేటప్పుడు ఎనిమిది గంటలు, వారం కాకుండా 'ఆల్వేస్' ఎంచుకోండి. అయినా ఎవరైనా మీ పేరు ట్యాగ్ చేస్తే, మీ మెసేజికి రిప్లై ఇస్తే మోగుతుంది. అందుకని పనివేళ డు నాట్ డిస్టర్బ్ కూడా పెట్టాలి.

అలాగని నోటిఫికేషన్లన్నీ రోజంతా కట్టేస్తే ఇంకో చిక్కు. 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో రోజుకి మూడు విడతలుగా అందుకున్నవాళ్లు కుదురుగా ఉన్నారు. పూర్తిగా ఆపేసినవాళ్లలో ఏదో తప్పిపోతున్నామన్న ఆందోళన పెరిగింది. ఊళ్లో అమ్మానాన్నలు ఉన్నవాళ్లకి ఈ బెంగ మరీ ఎక్కువ. దానికి ఫోనులోనే దారి ఉంది. డు నాట్ డిస్టర్బ్‌లో 'రిపీట్ కాలర్స్' (ఐఫోన్‌లో 'అలౌ రిపీటెడ్ కాల్స్') ఆన్ చేస్తే ఒకే నంబరు నుంచి వెంటనే వచ్చే రెండో కాల్ మోగుతుంది. గడువు ఆండ్రాయిడ్‌లో 15 నిమిషాలు, ఐఫోన్‌లో మూడు నిమిషాలు. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి ఉంచండి: అర్జెంటైతే వాట్సాప్ వద్దు, మామూలు కాల్ చేసి, ఎత్తకపోతే వెంటనే ఇంకోసారి చెయ్యమని.