సైరన్ ఎవరికి వినపడాలి?

చిట్టితల్లీ, కన్నా,

ఒక్క మ్యాచ్ ఓడిపోగానే టోర్నమెంట్ నుంచి తీసేశారని ఫోన్‌లో ఇద్దరూ ఒకటే గోల చేశారు. "పోయిన నెల వాళ్లనే ఓడించాం కదా తాతయ్యా, అది లెక్కలోకి రాదా?" అని అడిగారు. రాదు. నాకౌట్ అంటే అంతే. మన ఊళ్లో సంక్రాంతికి పెట్టే కబడ్డీ పోటీలూ ఇంతే, పొద్దున ఓడిన జట్టు మధ్యాహ్నానికి ప్రేక్షకుల్లో కూర్చుంటుంది. అయితే మీరుండే మెల్‌బోర్న్‌లోనే 1980లో ఒక సీజన్ జరిగింది. నాకౌట్ ఎంత కఠినమో, మళ్లీ అదే ఎంత సరదానో దాన్ని చూస్తే తెలుస్తుంది. అది రాస్తాను.

ఈ ఉత్తరం విజయవాడలో మీ పెద్దమ్మ పిల్లలు కూడా చదువుతారు కాబట్టి, వాళ్ల కోసం ఆట గురించి నాలుగు ముక్కలు. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌ను కోడిగుడ్డు ఆకారం మైదానంలో జట్టుకు పద్దెనిమిది మంది ఆడతారు. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు ఉంటాయి. మధ్య రెండిటి నడుమ నుంచి బంతిని తన్నితే గోల్, 6 పాయింట్లు. మధ్య స్తంభానికీ పక్క స్తంభానికీ నడుమ పోతే బిహైండ్, 1 పాయింటు. అందుకే స్కోరు 8.9 (57) అని రాస్తారు: 8 గోల్స్‌కు 48, తొమ్మిది బిహైండ్లకు 9, మొత్తం 57. ఎవరైనా దూరం నుంచి తన్నిన బంతిని నేల తగలకుండా పట్టుకుంటే దాన్ని మార్క్ అంటారు. మార్క్ పట్టినవాడికి ఎవరూ మీద పడకుండా తీరిగ్గా తన్నే హక్కు వస్తుంది. ఈ మార్క్ సంగతి గుర్తుపెట్టుకోండి, కథంతా దాని మీదే ఉంది.

అప్పట్లో పెద్ద లీగ్ పేరు విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్. పన్నెండు జట్లు, ఒక్కో జట్టుకు ఇరవై రెండు మ్యాచ్‌లు. మొత్తం ఎన్ని? 12ను 22తో గుణించి సగం చేయండి, 132. అదే పన్నెండు జట్లకు నాకౌట్ పెడితే పదకొండు మ్యాచ్‌లతో పని అయిపోతుంది. ఎందుకంటే ప్రతి మ్యాచ్‌కూ ఒక జట్టు ఇంటికి పోతుంది, చివరికి ఒక్కటి మిగలాలంటే పదకొండు జట్లు పోవాలి. మధ్యలో ఎవరికి బై వచ్చినా, అంటే ఆడకుండానే తర్వాతి రౌండ్‌కు వెళ్లినా, ఈ లెక్క మారదు. కావాలంటే మీ స్కూల్ టోర్నమెంట్ పట్టిక తీసి చూసుకోండి.

లీగ్ మ్యాచ్‌లు శనివారం మధ్యాహ్నాలు జరిగేవి. వాటికి తోడుగా వారం మధ్యలో, రాత్రిపూట, లైట్ల కింద ఇంకో పోటీ నడిచేది. అందులో విక్టోరియా క్లబ్బులే కాదు, పశ్చిమ ఆస్ట్రేలియా క్లబ్బులూ, వేరే రాష్ట్రాల జట్లూ ఉండేవి. నేరుగా నాకౌట్. 1980లో దాని పేరు ఎస్కార్ట్ ఛాంపియన్‌షిప్స్. ఎస్కార్ట్ అంటే ఏమిటో తెలుసా? సిగరెట్ బ్రాండు! ఊపిరితిత్తులు పగిలేలా పరుగెత్తే ఆటకు సిగరెట్ల డబ్బు. అప్పటి కాలం అలాంటిది, మన దగ్గర క్రికెట్‌కు కూడా అదే డబ్బు వచ్చేది.

లీగ్‌లో దిగ్గజాలైనా ఈ రాత్రి పోటీలో ఒక్క చలి రాత్రి సరిగ్గా ఆడకపోతే చాలు, ఆ ఏడాదికి కప్పు సంగతి మరిచిపోవాల్సిందే. కాబట్టి దీన్ని చిన్నచూపు చూసేవాళ్లూ ఉండేవారు, ప్రాణం పెట్టేవాళ్లూ ఉండేవారు. కాలింగ్‌వుడ్ రెండో రకమని నా అనుమానం. ఆ క్లబ్బు లీగ్ టైటిల్ 1958లో గెలిచింది, మళ్లీ గెలిచింది 1990లో. ఆ మధ్య ఫైనల్స్‌లో ఓడిపోవడం వాళ్లకు ఒక జబ్బులా తయారైంది. 1977లో నార్త్ మెల్‌బోర్న్‌తో గ్రాండ్ ఫైనల్ (లీగ్ టైటిల్ తేల్చే ఆఖరి మ్యాచ్) టై అయితే మళ్లీ ఆడించారు, మళ్లీ ఆడినప్పుడు ఓడారు. 1979లో కార్ల్‌టన్ చేతిలో 5 పాయింట్ల తేడాతో పోయింది. అదే 1979లో హాథార్న్‌ను ఓడించి రాత్రి కప్పు మాత్రం పట్టుకొచ్చారు. కాబట్టి 1980 జులైలో నార్త్‌తో ఫైనల్ ఆడేటప్పటికి, చేతిలో ఉన్న ఆ ఒక్క కప్పును నిలబెట్టుకోవాలని వాళ్లకు ఎంత ఉండి ఉంటుందో ఊహించుకోండి.

ఫైనల్ వేవర్లీలో. మెల్‌బోర్న్ ఆగ్నేయాన ముల్‌గ్రేవ్‌లో లీగ్ తన సొంతానికి కట్టుకున్న పెద్ద మైదానం అది, 1977లో లైట్లు పెట్టారు. ఇప్పుడు చుట్టూ ఇళ్లు వచ్చేశాయి కానీ మైదానం అలాగే ఉంది, ఎప్పుడైనా మీ నాన్నను తీసుకెళ్లమనండి. కాలింగ్‌వుడ్ కోచ్ టామ్ హేఫీ, నార్త్ కోచ్ రాన్ బరాసీ. ఇద్దరూ ఆ ఆటలో గొప్ప పేర్లే.

చివరి క్షణాల్లో కాలింగ్‌వుడ్ 3 పాయింట్ల ముందుంది, 54కు 51. సైరన్ మోగింది. ఆట అయిపోయింది. కానీ అంపైర్లకు వినపడలేదు! ఆట సాగుతూనే ఉంది. బంతి నార్త్ ఆటగాడు కెర్రీ గుడ్ దగ్గరికి వచ్చింది, అతను పట్టుకున్నాడు, అంపైర్ మార్క్ ఇచ్చాడు. గుడ్ వెనక్కి నడిచి, వచ్చి, గోల్ కొట్టాడు. నార్త్ 8.9 (57), కాలింగ్‌వుడ్ 7.12 (54).

ఇక్కడ ఒక మెలిక ఉంది. సైరన్ మోగాక గోల్ కొట్టడం తప్పు కాదు. మార్క్ సైరన్‌కు ముందు పట్టి ఉంటే తర్వాత తన్నొచ్చు. 1976లో ఇదే నార్త్‌కు మాల్కం బ్లైట్ సైరన్ తర్వాత ఎంతో దూరం నుంచి కొట్టిన గోల్‌ను ఇప్పటికీ తలుచుకుంటారు. గుడ్ విషయంలో తేడా ఏమిటంటే మార్క్ కూడా సైరన్ తర్వాతదే. అలాగైతే ఆ గోల్ చెల్లకూడదు కదా?

చెల్లుతుంది. ఎందుకో చూడండి. గడియారం అంపైర్ దగ్గర ఉండదు, పైన కూర్చున్న టైమ్‌కీపర్ల దగ్గర ఉంటుంది. వాళ్లు సైరన్ మోగిస్తారు. కానీ ఆట ముగిసేది సైరన్ మోగినప్పుడు కాదు, మైదానంలో ఉన్న అంపైర్‌కు అది వినపడినప్పుడు. నియమం అలా ఉంది. మొదటిసారి చదివితే తలతిక్క నియమం అనిపిస్తుంది. కాస్త ఆలోచిస్తే ఇంకో దారి లేదని తెలుస్తుంది. అరుపుల మధ్య ఎవరికి ఎప్పుడు వినపడిందో ముప్పై ఆరు మందిని అడిగితే ముప్పై ఆరు జవాబులు వస్తాయి. ఎవరో ఒకరి చెవి లెక్క కావాలి. గుడ్‌ను దొంగ అన్నవాళ్లతో నేను ఒప్పుకోను. విజిల్ పడేదాకా ఆడటమే ఆటగాడి పని, అతను ఆడాడు.

కాలింగ్‌వుడ్ మద్దతుదారుల బాధ మాత్రం నాకు అర్థమవుతుంది. గోల్స్, బిహైండ్లు కలిపి చూస్తే వాళ్లవి 19, నార్త్‌వి 17. తిన్నగా తన్ని ఉంటే సైరన్ గొడవే వచ్చేది కాదు.

కథ ఇక్కడితో ఆగలేదు. సెప్టెంబరులో లీగ్ ఫైనల్స్ వచ్చాయి. అప్పుడు పైనున్న అయిదు జట్లు ఆడేవి. మొదటి మూడు స్థానాల వాళ్లు ఒకసారి ఓడినా ఇంకో అవకాశం ఉండేది. నాలుగు, అయిదు స్థానాల వాళ్లకు మొదటి మ్యాచే ఎలిమినేషన్ ఫైనల్, ఓడితే ఇంటికే. ఆ ఏడాది నాలుగో స్థానంలో ఎవరు? నార్త్. అయిదులో? కాలింగ్‌వుడ్! జులైలో రాత్రి కప్పు పోగొట్టుకున్న కాలింగ్‌వుడ్ ఈసారి నార్త్‌ను ఓడించి పంపేసింది. తర్వాత కార్ల్‌టన్‌ను, ఆ తర్వాత లీగ్‌లో మొదటి స్థానంలో ఉన్న గీలాంగ్‌ను 4 పాయింట్ల తేడాతో దాటింది. ఆ రెండు జట్లూ అప్పటికే ఒకసారి ఓడి, రెండో అవకాశం మీద ఆడుతున్నవే. కాలింగ్‌వుడ్‌కు అలాంటి అవకాశం ఒక్కసారీ లేదు. ఆ ఫైనల్స్ పద్ధతి వచ్చాక ఎలిమినేషన్ ఫైనల్ నుంచి గ్రాండ్ ఫైనల్ దాకా వెళ్లిన మొదటి జట్టు వాళ్లదే.

గ్రాండ్ ఫైనల్లో రిచ్‌మండ్ చేతిలో 81 పాయింట్ల తేడాతో ఓడిపోయారు. కెవిన్ బార్ట్‌లెట్ ఒక్కడే 7 గోల్స్ కొట్టాడు. ఆ రోజు సైరన్ ఎవరికి వినపడినా తేడా ఉండేది కాదు.

సైరన్ గోల మాత్రం మళ్లీ వచ్చింది. 2006లో టాస్మేనియాలోని లాన్‌సెస్టన్‌లో ఫ్రీమాంటిల్ 1 పాయింటు ముందుండగా సైరన్ మోగింది, అంపైర్లకు వినపడలేదు, సెయింట్ కిల్డా ఒక బిహైండ్ కొట్టి స్కోరు సమం చేసింది. టై అని ప్రకటించారు. కానీ అంపైర్ విన్నట్టు సైగ చేసేదాకా సైరన్ మోగిస్తూనే ఉండటం టైమ్‌కీపర్ల బాధ్యత. వాళ్లు అది చేయలేదని లీగ్ పెద్దలు కొద్ది రోజుల్లోనే తేల్చి, మ్యాచ్‌ను ఫ్రీమాంటిల్‌కు ఇచ్చేశారు. అది లీగ్ మ్యాచ్ కాబట్టి పట్టికలో అంకెలు దిద్దితే సరిపోయింది. 1980 కప్పు మాత్రం నార్త్ దగ్గరే ఉండిపోయింది.

ఈసారి స్టేడియానికి వెళ్లినప్పుడు క్వార్టర్ (ఆటలో నాలుగో వంతు) ముగిసేటప్పుడు బంతిని వదిలేసి అంపైర్‌ను చూడండి. రెండు చేతులూ పైకెత్తుతాడు. మన లెక్కకు ఆట అయిపోయింది అప్పుడే.

మీ తాతయ్య