సోలార్ ప్లేటు పైపొరకు పెట్టే ధర

ఫిబ్రవరి వచ్చిందంటే నర్సంపేట వైపు చెలకల్లో మిర్చి కల్లాలు ఎర్రబడతాయి. ఏరిన కాయ ఎండి, బస్తాలకెక్కి, ఎనుమాముల మార్కెట్‌కు చేరేదాకా రైతు రాత్రిళ్లు కల్లం దగ్గరే పడుకుంటాడు. అక్కడి గుడిసెకు కరెంటు ఉండదు కాబట్టి ఒక బల్బుకూ ఫోను చార్జింగుకూ చాలామంది చేతపట్టుకుని వెళ్లే చిన్న సోలార్ ప్లేటునే నమ్ముకుంటున్నారు. మా బావ కూడా రెండేండ్ల కింద, చౌకగా వస్తున్నదని, మడత పెట్టుకునే ప్లేటు ఒకటి కొన్నాడు. మొన్నటి యాసంగిలో నేను వెళ్లేసరికి దాన్ని నా చేతిలో పెట్టి, "మబ్బు లేదు గదా, మరి చార్జింగ్ ఎందుకు ఎక్కుతలేదు?" అని అడిగాడు.

దాన్ని ఎండకు ఏటవాలుగా పట్టి చూశాను. పైనున్న పారదర్శకపు పొర పాత పాలిథిన్ సంచిలా పసుపుబారింది. ఒక మూలన శనగగింజంత బుడగలు లేచాయి. వాటి కింద సన్నటి వెండి గీతలు నల్లబడి ఉన్నాయి. రెండు పలకలను కలిపే తీగ మడత దగ్గర, బట్ట లోపలే తెగిపోయిందని మల్టీమీటరుతో చూస్తే తెలిసింది. వెలుతురును కరెంటుగా మార్చే సిలికాన్ బిళ్లల్లో, అంటే సెల్‌లలో, పగిలింది మాత్రం ఒక్కటే.

కొనేవాళ్లు ముందుగా గమనించవలసిన సంగతి ఇదే. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో సుమారు 6 శాతం సామర్థ్యంతో వెలుగు చూసిన సిలికాన్ సెల్, నేడు మార్కెట్లో 20 శాతం దాటింది. కానీ దాని స్వభావం మారలేదు. అందులో కదిలే భాగమంటూ లేదు. వెలుతురు తగిలితే ఎలక్ట్రాన్లు కదులుతాయి, అంతే. గాజు కింద భద్రంగా ఉంటే అది ఏటా ఒక శాతంలోపే శక్తిని కోల్పోతూ పాతికేండ్లు పనిచేస్తుంది. పాడయ్యేది దాన్ని కప్పిన పొర, కరెంటును బయటికి తెచ్చే తీగ, ఆ రెండూ కలిసే చోట ఉండే చిన్న డబ్బా. కాబట్టి మనం ఎక్కువ ధర పెట్టాల్సి వస్తే అది ఈ మూడింటి కోసమే పెట్టాలి.

మడత ప్లేట్లలో పైపొర సాధారణంగా రెండు రకాలుగా ఉంటుంది. చౌక రకంలో వాడేది పెట్, అంటే మనం నీళ్లు తాగి పారేసే సీసాల ప్లాస్టిక్. దాని అణువుల్లోని బెంజీన్ వలయాలు ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుంటాయి. ఆ శక్తికి బంధాలు తెగి, పొర పసుపుబారి పెళుసెక్కుతుంది. తర్వాత వానకాలపు తేమ దాని పగుళ్లలో నుంచి లోపలికి దిగుతుంది. సెల్‌ను పట్టి ఉంచే ఇ.వి.ఎ. జిగురు వేడికీ తేమకూ కొద్దికొద్దిగా ఎసిటిక్ ఆమ్లాన్ని, అంటే వెనిగర్‌లోని ఆమ్లాన్నే, వదులుతుంది. బావ ప్లేటులో వెండి గీతలు నల్లబడింది ఈ దారిలోనేనని నా అంచనా. రెండో రకం ఇ.టి.ఎఫ్.ఇ. పొర. ఇది నాన్‌స్టిక్ పెనం మీద పూసే టెఫ్లాన్‌కు దగ్గరి చుట్టం. కర్బనానికీ ఫ్లోరిన్‌కూ మధ్య బంధం చాలా గట్టిది. పైగా ఈ పదార్థం అతినీలలోహిత కిరణాలను దాదాపుగా పీల్చుకోదు కనుక ఎండలో ఏండ్ల తరబడి పసుపుబారకుండా పారదర్శకంగానే ఉంటుంది. దీని మీద తరచుగా తేనెపట్టులాంటి గరుకుదనం కనిపిస్తుంది. ఆ గరుకుదనాన్ని పెట్ మీద కూడా అచ్చు వేయవచ్చు కాబట్టి చేత్తో తడిమి నమ్మేయకుండా, పొర పేరు బిల్లు మీద రాయించుకోవడం మంచిది.

మన ప్రాంతపు వేడి మరో లెక్క. ప్లేటు వెనుక చీటీ మీద రాసే వాట్లు సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కొలిచినవి. రామగుండంలోనో వరంగల్‌లోనో మే నెల మధ్యాహ్నం సెల్ 65 డిగ్రీలకు చేరడం వింత కాదు. ఒక్కో డిగ్రీకి సుమారు 0.35 శాతం శక్తి తగ్గుతుంది. 40 డిగ్రీల తేడాకు 14 శాతం పోతుంది. అది ప్లేటు లోపం కాదు, చల్లబడితే తిరిగి వస్తుంది. కానీ ఆ వేడే జిగురును సాగదీస్తుంది, టంకం అతుకులను లాగుతుంది. నాణ్యమైన ప్లేటును 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో 1000 గంటలు ఉంచి పరీక్షించేది అందుకే. ఇలాంటి పరీక్షలను కోరే భారత ప్రమాణం ఐ.ఎస్. 14286 ముద్ర ఉందా అని దుకాణంలో అడగడానికి మొహమాటపడకూడదు.

అడగకుండానే పట్టుకోగలిగిన మోసం కూడా ఒకటుంది. చదరపు మీటరు మీద నడినెత్తి ఎండ 1000 వాట్లనుకుంటే, 22 శాతం సామర్థ్యమున్న సెల్ ఇచ్చేది 220 వాట్లు. 40 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల పొడవున్న ప్లేటు వైశాల్యం 0.2 చదరపు మీటరు. అది 44 వాట్లకు మించి ఇవ్వలేదు. అంత ప్లేటు మీద "100 వాట్లు" అని రాసి ఉంటే ధర ఎంత తక్కువైనా దాన్ని అక్కడే వదిలేయాలి. చీటీ మీద అబద్ధం రాసినవారు పొర విషయంలో నిజం చెబుతారని నేను నమ్మను.

ఇక ధర. పెట్ పొర ప్లేటు 3,000 రూపాయలకు వచ్చి రెండేండ్లు నిలిచిందనుకుందాం; ఏడాదికి 1,500 పడింది. ఇ.టి.ఎఫ్.ఇ. ప్లేటు 6,000 పెట్టి ఆరేండ్లు వాడితే ఏడాదికి 1,000. రెండేండ్లకోసారి మేడారం జాతరకు బండి కట్టుకుని పోయి నాలుగు రోజులు గుడారంలో ఉండేవారికి ఈ లెక్క వర్తించదు. మిగతా కాలమంతా ప్లేటు బీరువాలోనే ఉంటుంది కాబట్టి వారికి చౌక రకమే చాలు. ఏటా మూడు నెలలు కల్లంలో ఎండకు పెట్టేవారికి మాత్రం అది ఖరీదైన బేరం.

అయితే బావను నేను అడిగింది వేరే ప్రశ్న: అసలు మడత అవసరమా? మడత ప్లేటులో మనం డబ్బు పెట్టేది తేలికదనానికి. తొందరగా చెడేదీ ఆ మడతే. 40 వాట్ల గాజు ప్లేటు, అల్యూమినియం చట్రంతో సహా, మూడు నాలుగు కిలోలు ఉంటుంది. బండి మీద వెనుక కూర్చున్నవారు ఒళ్లో పెట్టుకుని తేగలరు. ఎండలో అది రోజుకు దాదాపు 140 వాట్ అవర్ల కరెంటు ఇస్తుంది. దాన్ని బ్యాటరీలో నింపుకుంటే రాత్రి 9 వాట్ల బల్బు ఎనిమిది గంటలు వెలిగి, రెండు ఫోన్లు నిండాక కూడా కొంత మిగులుతుంది. గాజు పగలవచ్చునన్న భయం నిజమే, కానీ అది టెంపర్డ్ గాజు, అంటే వేడితో గట్టిపరచిన గాజు. కల్లంలో ఉండే కోతులకూ గాలిదుమారానికీ బట్ట ప్లేటు కంటే అదే బాగా ఓర్చుకుంటుంది.

చివరికి బావ గాజు ప్లేటే తెచ్చాడు. గుడిసె దక్షిణం వైపు వెదురు కర్రలకు, వెనుక గాలి ఆడేలా జానెడు సందు వదిలి కట్టాం. మిర్చి అమ్ముడుపోయాక దాన్ని విప్పి ఇంటి డాబా మీద బిగించాడు. పాత మడత ప్లేటు వానకాలమంతా సంచిలో ఉండేది. ఇది ఇప్పుడు వానలోనే ఉండి, పశువుల కొట్టంలో బల్బును వెలిగిస్తున్నది.