నాళం తెగిందా, లెక్క తెగిందా?

ఎక్స్‌రే సంగతి లోకానికి తెలిసిన కొద్ది వారాలకే, 1896 జనవరిలో, వియన్నాలో ప్రాణం లేని ఒక చేతి నాళాల్లోకి పాదరసం సమ్మేళనం ఉన్న మిశ్రమం ఎక్కించి ఫొటో తీశారు. ఎముకల పక్కన రక్తనాళాలు కొమ్మలు కొమ్మలుగా కనిపించాయి. బతికున్న మనిషి మెదడు నాళాలను అలా చూపించింది 1927లో, లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ అనే పోర్చుగీసు వైద్యుడు.

ఈ బొమ్మల్లో నాళాలను విడదీసి చూపడానికి కంప్యూటర్‌కి మొదట దొరికిన ఉపాయం తీసివేత. నాళాలు బొమ్మలో కనబడేలా చేసే మందు ఎక్కించక ముందు ఒక ఎక్స్‌రే, ఎక్కించాక ఇంకొకటి. రెండోదాంట్లోంచి మొదటిదాన్ని తీసేస్తే ఎముకలు పోయి నాళాలు మిగులుతాయి. 1980 ప్రాంతంలో ఆసుపత్రులకు వచ్చిన డీఎస్‌ఏ (డిజిటల్ సబ్‌ట్రాక్షన్ యాంజియోగ్రఫీ) ఇదే. రోగి కాస్త కదిలితే బొమ్మ చెడుతుంది, అది వేరే గొడవ. అసలు లోటేమిటంటే అది చూపిస్తుందే గానీ, ఏ చుక్క నాళమో ఏది కాదో చెప్పదు.

చెప్పించబోతేనే తంటా మొదలైంది. ఇంతకు మించి తెల్లగా ఉన్నదంతా నాళం అని హద్దు పెడితే, సీటీలో ఎముక కూడా నాళమైపోతుంది, సన్న నాళాలు మాయమవుతాయి. అందుకే 1989లో చౌధురి బృందం రెటీనా (కంటి వెనక పొర) ఫొటోల్లో ఆకారాన్ని వెతికింది. నాళానికి అడ్డంగా వెళ్తుంటే వెలుగు మెల్లగా తగ్గి మళ్లీ పెరుగుతుంది. ఆ వంపునే అచ్చుగా చేసి, 15 డిగ్రీల చొప్పున 12 దిక్కులకు తిప్పి, బొమ్మంతా అద్ది చూశారు. బాగా అతికిన చోట నాళం ఉన్నట్టు.

1998లో ఫ్రాంజీ బృందం ఇదే ప్రశ్నను త్రీడీలో అడిగింది. ఒక బిందువు నుంచి ఒక దిక్కులో వెలుగు దాదాపు మారకుండా, మిగతా రెండు దిక్కుల్లో గబుక్కున పడిపోతే అది గొట్టం. మూడు దిక్కుల్లోనూ పడిపోతే గోళీ, ఒక్క దిక్కులోనే అయితే పలక. ఇంత అందమైన లెక్క ఈ రంగంలో మరొకటి లేదని నాకనిపిస్తుంది, ఇప్పటికీ వాడుతున్నారు. కాకపోతే నాళం రెండుగా చీలే చోట అది గొట్టంలా ఉండదు, ఈ లెక్క అక్కడే తడబడుతుంది.

తర్వాత సూత్రాలు చెప్పడం మాని ఉదాహరణలు చూపించడం మొదలైంది. 2000లో స్టేర్, 2004లో 40 ఫొటోల డ్రైవ్ అనే రెటీనా ఫొటోల సంకలనాలు వచ్చాయి. రెండింట్లోనూ నాళాలను మనుషులే గుర్తించారు. 2015లో వచ్చిన యూ-నెట్ లాంటి న్యూరల్ నెట్‌వర్క్‌లు (ఉదాహరణల నుంచి నేర్చుకునే ప్రోగ్రాములు) ఇలాంటి గుర్తుల నుంచే నేర్చుకుంటాయి. స్టేర్‌లో ఒకే ఫొటోను ఇద్దరు గుర్తిస్తే, రెండో వ్యక్తి మొదటి వ్యక్తి కంటే సన్న నాళాలు చాలా ఎక్కువ గీశారు. గురువులకే పొత్తు కుదరలేదన్నమాట.

కంప్యూటర్ ఎంత బాగా గుర్తించిందో చెప్పే మార్కులూ మోసం చేస్తాయి. రెటీనా ఫొటోలో నాళాల వాటా సుమారు పదో వంతు. అసలు నాళాలే లేవన్నా దాదాపు 90 శాతం ఒప్పే. అందుకే కంప్యూటర్ గుర్తించిన నాళాలు, మనిషి గుర్తించినవి ఎంతమేర ఒకదానిపై ఒకటి సరిపోయాయో కొలిచే డైస్ స్కోరు వాడతారు. మధ్యలో రెండు పిక్సెళ్లు తెగినా ఆ స్కోరు పెద్దగా కదలదు, రక్తప్రవాహం లెక్కేసేవాళ్లకు మాత్రం అది మూసుకుపోయిన నాళమే. 2021లో వచ్చిన సీఎల్‌డైస్ అనే కొలత అందుకే నాళాల నడిమి గీతను కూడా పోల్చుతుంది. పోల్చేది మాత్రం మళ్లీ మనిషి గీసిన గీతతోనే.