టారిఫ్ కట్టేది ఎవరు? వాణిజ్యంపై అపోహలు - వాస్తవాలు

ఏదో ఒక దేశం టారిఫ్ (దిగుమతి సుంకం) పెంచిందని వార్త రాగానే, కస్టమ్స్ క్లియరెన్స్ పనిలో ఉన్న మాలాంటి వాళ్లకి ఫోన్లు మొదలవుతాయి. "మనకేంటండీ, కట్టేది అమ్మేవాడే కదా?" అని కొందరు ధీమాగా అంటారు. "సరుకు ఓడలో ఉంది, ఇప్పుడెలా?" అని కొందరు టెన్షన్ పడతారు. టెన్షన్ పడేవాళ్లకి ఎన్నిసార్లయినా ఓపిగ్గా చెబుతాను. ఆ ధీమాని వాట్సాప్‌లో పంచిపెట్టే వాళ్లంటేనే చిరాకు.

అపోహ: దిగుమతి సుంకం విదేశీయులు కడతారు.

వాస్తవం: కస్టమ్స్ డిక్లరేషన్‌లో దిగుమతిదారుగా ఎవరి పేరు ఉంటే వాళ్లే కడతారు. ఆ పేరు చాలావరకు సరుకు తెప్పించుకున్న దేశంలోని కంపెనీదే. ఆ డబ్బు చేరేది కూడా ఆ దేశ ఖజానాకే. సరుకు పంపిన దేశ ప్రభుత్వం ఒక్క పైసా కట్టదు.

"కాగితం మీద కట్టేది మేమే, కానీ అమ్మేవాడు ధర తగ్గిస్తాడుగా?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. కొనే దేశం చాలా పెద్దదైతే అమ్మేవాళ్లు కొంత దిగిరావచ్చని సిద్ధాంతం కూడా ఒప్పుకుంటుంది. 2018లో అమెరికా అంత పెద్ద మార్కెట్ టారిఫ్‌లు పెంచింది. ఆర్థికవేత్తలు లెక్కలు తీస్తే భారం దాదాపు మొత్తం అమెరికా కొనుగోలుదార్ల మీదే పడిందని తేలింది. ఉక్కు విషయంలో మాత్రం ఏడాది తర్వాత విదేశీ కంపెనీలు కొంత ధర తగ్గించాయి. 2018లోనే వాషింగ్ మెషీన్ల మీద సుంకం వేస్తే, వాటితోపాటు డ్రయ్యర్ల ధర కూడా 12 శాతం దాకా పెరిగింది. డ్రయ్యర్ల మీద అసలు సుంకమే లేదు! రెండూ జతగా అమ్ముడవుతాయి కాబట్టి కంపెనీలు పెంపును రెండింటికీ సర్దేశాయి. పోటీ సరుకు ఖరీదైందని చూసి స్వదేశీ బ్రాండ్లు కూడా ధర పెంచాయి.

ఈ అపోహ చేతి నుంచి డబ్బు పోయేలా చేస్తుంది. నాకు తెలిసిన ఒక చిన్న వ్యాపారి సీఐఎఫ్ ధరకు సరుకు తెప్పించుకున్నారు. కాస్ట్, ఇన్సూరెన్స్, ఫ్రైట్ అని ఉంది కాబట్టి అన్నీ కలిసినట్టే అనుకున్నారు. ఓడ బయల్దేరాక సుంకం పెరిగింది. పోర్టు దాకా చేర్చడంతో తన పని అయిపోయిందని అమ్మినాయన మర్యాదగానే చెప్పాడు. డ్యూటీకి డబ్బు సర్దేలోపు డెమరేజ్ (పోర్టులో సరుకు నిలిచిపోయినందుకు కట్టే రుసుం) కూడా మీద పడింది. ఇన్‌కోటర్మ్స్ 2020లో (సరుకు ఒప్పందాల్లో ఏ ఖర్చు ఎవరిదో చెప్పే అంతర్జాతీయ నియమావళి) ఉన్న 11 నిబంధనల్లో దిగుమతి సుంకం అమ్మేవాడి బాధ్యత అయ్యేది డీడీపీలో (డెలివర్డ్ డ్యూటీ పెయిడ్) మాత్రమే. అందులో కూడా తెలివైనవాడు దాన్ని ఇన్‌వాయిస్ ధరలో ముందే కలిపేస్తాడు. సంతకం పెట్టేముందు సీఐఎఫ్, డీడీపీ లాంటి ఆ మూడక్షరాలు చూసుకోండి, హెచ్ఎస్ కోడ్ (ఏ సరుకుకి ఎంత సుంకమో తేల్చే వర్గీకరణ నంబరు) సరిచూసుకోండి. సగం టెన్షన్ అక్కడే తీరుతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

అన్నింట్లోనూ వెనకబడిన దేశం అమ్ముకోవడానికి ఏమీ ఉండదంటారు. ఆర్థికవేత్త రికార్డో 1817లోనే దీనికి జవాబిచ్చాడు. ఆయన ఉదాహరణలో ఒక ఏడాది పనికి పోర్చుగల్‌కి బట్టకు 90 మంది, వైన్‌కి 80 మంది చాలు. ఇంగ్లండ్‌కి 100 మంది, 120 మంది కావాలి. రెండింట్లోనూ పోర్చుగల్‌దే పైచేయి. అయినా ఇంగ్లండ్ వెనకబాటు బట్టలో తక్కువ కాబట్టి, ఇంగ్లండ్ బట్ట, పోర్చుగల్ వైన్ చేసుకుని మార్చుకుంటే ఇద్దరికీ లాభమే.

వాణిజ్య లోటు (ఎగుమతుల కంటే దిగుమతులు ఎక్కువ కావడం) అంటే నష్టం కాదు. పొదుపు కంటే పెట్టుబడి ఎక్కువైన దేశంలో లోటు కనిపిస్తుంది. మాంద్యం ముదిరిన 2009లో అమెరికా లోటు బాగా తగ్గింది. అది మంచి ఏడాది అని అక్కడ ఎవరూ అనరు.

స్వేచ్ఛా వాణిజ్యంతో అందరూ బాగుపడతారన్నది టారిఫ్‌లే వద్దనే అటువైపు వాళ్ల అపోహ. మొత్తం మీద దేశానికి లాభమే గానీ కొన్ని వర్గాల ఆదాయం పడిపోవచ్చని ఆర్థికవేత్తలు స్టోల్పర్, శామ్యూల్సన్ 1941లోనే రాశారు. 2001లో చైనా డబ్ల్యూటీవోలో చేరాక అమెరికాలో ఫ్యాక్టరీల మీద బతికిన ఊళ్లు ఏళ్ల తరబడి కోలుకోలేదు. ఆ ఊళ్ల వాళ్ల కోపాన్ని అజ్ఞానం అని కొట్టిపారేసే నిపుణులతో నాకు పేచీ ఉంది.

కొత్త పరిశ్రమకు కొన్నాళ్లు రక్షణ కావాలనే వాదన మాత్రం బలమైనదే. అమెరికా ఆర్థిక మంత్రి హామిల్టన్ 1791లో, జర్మన్ ఆర్థికవేత్త లిస్ట్ 1841లో చెప్పిన మాటే ఇది. అయితే ఆ రక్షణ ఎప్పుడు ఎత్తేస్తారో ముందే రాయాలి. నేను చూసే టారిఫ్ ఉత్తర్వుల్లో ముగింపు తేదీ అరుదు, ఉన్నా గడువు దగ్గరపడగానే పొడిగింపు వస్తుంది.