మన పేరు ఎవరి సర్వర్లో ఉంది?

ఫేస్‌బుక్ మన దేశంలో తొలి ఆఫీసు తెరిచింది హైదరాబాద్‌లోనే, 2010లో. జనం పెట్టే పోస్టుల్లో ఏది ఉంచాలో, ఏది తీసేయాలో చూసే కాంట్రాక్టు ఉద్యోగులు ఈ ఊళ్లోనే షిఫ్టుల్లో పనిచేస్తున్నారని 2019లో రాయిటర్స్ రాసింది. అయినా దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరి ఖాతా అయినా ఒక పొద్దున లాక్ అయిపోయిందనుకోండి, ఆటో ఎక్కి వెళ్లి అడగడానికి ఓ కౌంటర్ లేదు. ఫారం నింపి, ఐడీ కార్డు ఫోటో పెట్టి, వాళ్ల జవాబు కోసం కూర్చోవాల్సిందే. ఏళ్ల తరబడి రాసుకున్న కవితలు, వాటి కింద నడిచిన గొడవలు, మనిషిని చూడకపోయినా దగ్గరైన స్నేహాలు అన్నీ ఆ తాళం వెనకే ఉండిపోతాయి.

ఏ ఒక్క కంపెనీ గుప్పిట్లోనూ లేని ‘డీసెంట్రలైజ్డ్ వెబ్’ గురించి మళ్లీ మాట్లాడుకోవడానికి కారణం ఈ టెన్షనే. ట్విట్టర్ లాంటి మాస్టడాన్, బ్లూస్కై, సొంత డొమైన్ (మన పేరు మీద కొనుక్కునే వెబ్ చిరునామా) అంటూ కొత్త సంగతిలా చెబుతున్నారు గానీ, తెలుగువాళ్లు నెట్‌లో మొదట గుమిగూడింది అలాంటి చోటే.

తొంభైల్లో అమెరికా వెళ్లిన విద్యార్థులు, ఇంజినీర్లు యూజ్‌నెట్ అనే చర్చావేదికలో soc.culture.indian.telugu పేరుతో ఒక తెలుగు గ్రూపు నడుపుకున్నారు. పొట్టిగా ఎస్‌సీఐటీ అనేవారు. యూజ్‌నెట్‌కు యజమాని లేడు. ఒక యూనివర్సిటీ సర్వర్లో రాసింది పక్క సర్వర్‌కు, అక్కణ్నుంచి ఇంకోదానికి నకలవుతూ పోయేది. ఒక సర్వర్ మూలనపడినా మాట మిగతాచోట్ల ఉండేది. తెర మీద తెలుగు లిపి లేని కాలం కాబట్టి, రైస్ యూనివర్సిటీలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతోనే పద్యాల దాకా లాగించేశారు. 1998లో ‘ఈమాట’ పత్రిక మొదలయ్యే నాటికి నెట్‌లో తెలుగు సాహిత్యం గురించి పోట్లాడుకునే జనం తయారై ఉన్నారు.

అదే ఏడాది హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఊళ్లో మామూలు కుర్రాడికి మాత్రం ఇంటర్నెట్ అంటే అమీర్‌పేట నెట్ సెంటర్లో గంటకింతని కట్టి కూర్చునే ఇరుకు క్యాబినే. అక్కడ తెలుగు చదవడమే ఓ తంతు. ఒక్కో దినపత్రిక సైటుకు ఒక్కో ఫాంటు, అది దించుకోకపోతే తెర నిండా పిచ్చి గీతలు. లోకంలోని లిపులన్నిటికీ ఒకే పద్ధతిలో సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, విండోస్ ఎక్స్‌పీలో సీడీ పెట్టి ఒక సెట్టింగు మారిస్తే తప్ప వత్తులు కుదురుగా నిలిచేవి కావు. నెట్ సెంటరాయన సీడీ ఇచ్చేవాడా!

ఈ చిక్కులు విప్పింది ఖాళీ వేళల్లో పనిచేసిన కొందరు తెలుగువాళ్లు. పత్రికల ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ను వెన్న నాగార్జున తయారుచేశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికిందీ ఆయనే. ఆ తర్వాత ‘లేఖిని’ వచ్చింది. పై పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే కింది పెట్టెలో తెలుగు కనబడుతుంది. కాపీ చేసుకుని కావలసినచోట అతికించుకోవడమే. ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, బ్రౌజరుంటే చాలు. తెలుగులో బ్లాగులు పుట్టగొడుగుల్లా లేచింది ఆ తర్వాతే.

ఎవరి బ్లాగు వాళ్లది. అన్నింటినీ కలిపింది కూడలి, జల్లెడ, హారం, మాలిక లాంటి సంకలినులు. సైటులో కొత్తగా వచ్చినవాటి జాబితాను బయటికి అందించే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ సాయంతో, ఎక్కడ ఎవరు కొత్తగా రాసినా ఆ పేజీలో శీర్షిక పడేది. ఎవరు ఎక్కువ లైకులు కొట్టారన్న లెక్క లేదు, వచ్చిన వరస ప్రకారమే. కూడలి నచ్చకపోతే జల్లెడకు పోవచ్చు, రాసింది మాత్రం మన బ్లాగులోనే ఉంటుంది. ఇప్పుడు కొత్త ప్రొటోకాళ్లు (సర్వర్లు మాట్లాడుకునే కట్టుబాట్లు) పెట్టి సాధించాలనుకుంటున్నదాంట్లో సగం ఇదే.

హైదరాబాద్ బ్లాగర్లు ఆదివారం పూట యూసుఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కులో కలుసుకునేవారు. ‘ఈ-తెలుగు’ సంస్థ పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, కంప్యూటర్లో తెలుగు రాయొచ్చని వచ్చేపోయేవాళ్లకు చూపించేది. చాలామందికి తమ పేరు తెలుగు అక్షరాల్లో తెర మీద చూసుకోవడం అదే మొదలు. కలంపేరు మనకు తరతరాలుగా అలవాటే కాబట్టి బ్లాగర్లలోనూ సగంమంది మారుపేర్లతోనే రాశారు. ముఖ్యంగా ఆడవాళ్లకు ఆ చాటు ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. ‘ప్రమదావనం’ పేరుతో వాళ్లకంటూ ఓ బృందం కూడా ఉండేది. అదంతా స్వర్ణయుగమని నేననను. అజ్ఞాతల పేరుతో బూతులు, ఫలానా బ్లాగును సంకలినిలోంచి తీసేయాలంటూ తగువులు, తీసేస్తే నియంతలన్న తిట్లు, అన్నీ చూశాం. నిర్వాహకులు జీతం లేని చాకిరీ చేసి పైగా మాటలు పడ్డారు. అన్నట్టు ఆ బ్లాగుల్లోనూ ఎక్కువభాగం గూగుల్ వాళ్ల బ్లాగర్‌లోనే ఉండేవి. సొంత ఇల్లనుకున్నదాంట్లోనూ నేల ఇంకొకరిదే.

తర్వాత కథ తెలిసిందే. ఆర్కుట్‌లో మొదలైన సందడి ఫేస్‌బుక్‌కు మారింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక నెట్ ఊరూరికీ పాకింది. ఈ వేదికల వల్ల మనకు దక్కింది తక్కువేం కాదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’ గంగవ్వను లోకానికి చూపించింది యూట్యూబే. దినపత్రికలు, సినిమాలు ఏళ్లపాటు నవ్వులాటకు వాడుకున్న తెలంగాణ యాస అక్కడ తలెత్తుకు నిలబడింది. జానపద పాటలు రికార్డు చేసే చిన్న స్టూడియోలకు బతుకుతెరువు దొరికింది. ఈ సంగతి ఎత్తకుండా పెద్ద కంపెనీలను తిట్టడం సులువు.

కాకపోతే వేదిక మూతబడినప్పుడల్లా కట్టుబట్టలతో రోడ్డున పడింది మనమే. జియోసిటీస్ 2009లో, గూగుల్ రీడర్ 2013లో, ఆర్కుట్ 2014లో, గూగుల్ ప్లస్ 2019లో, యాహూ గ్రూప్స్ 2020లో పోయాయి. యాహూలోని ‘రచ్చబండ’ లాంటి గుంపుల్లో సాహిత్యం మీద ఏళ్ల తరబడి సాగిన చర్చలు ఇవాళ ఎక్కడ వెతకాలి? 2020 జూన్ 29న కేంద్రం 59 యాప్‌లను నిషేధించినప్పుడు టిక్‌టాక్ కూడా పోయింది. నిషేధం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. లక్షల మంది ఫాలోవర్లున్నవాళ్లు రాత్రికి రాత్రి సున్నా నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. మన భాషల్లోనే ట్విట్టర్ అంటూ వచ్చిన కూ 2024లో మూతపడింది. యజమాని మనవాడైనంత మాత్రాన తేడా ఏమీ రాలేదు.

ఈ లోపు ఇంకో దారి నెమ్మదిగా తయారవుతూ వచ్చింది. 2016లో జర్మనీలో ఉండే ప్రోగ్రామర్ ఆయిగెన్ రోచ్కో మాస్టడాన్ తెచ్చాడు. ఇలాంటి సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే యాక్టివిటీపబ్ ప్రొటోకాల్ 2018 జనవరిలో అధికారిక వెబ్ ప్రమాణమైంది. జీమెయిల్ నుంచి యాహూకు ఉత్తరం వెళ్లినట్టే, ఒక సర్వర్లో ఉన్నవాళ్లు ఇంకో సర్వర్లో ఉన్నవాళ్లను అనుసరించవచ్చు, జవాబివ్వవచ్చు. 2019 నవంబరులో సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ట్విట్టర్ ఖాతా నిలిపేశాక మన దేశం నుంచి చాలామంది అటు నడిచారు. 2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ ట్విట్టర్ కొన్నాక ఇంకో అల. రెండుసార్లూ వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగొచ్చేశారు. తెలుగులో పలకరించేవాళ్లు లేనిచోట ఎంతసేపని కూర్చుంటారు? మధ్యలో బ్లాక్‌చెయిన్, ఎన్ఎఫ్‌టీల (డిజిటల్ బొమ్మలకు అమ్మే హక్కుపత్రాల్లాంటివి) హడావుడి కూడా ‘డీసెంట్రలైజ్డ్’ అనే పేరే పెట్టుకుని వచ్చిపోయింది. కళాకారులకు అందులో ఏం మిగిలిందో గానీ స్పెక్యులేటర్లకు మాత్రం బాగా పొద్దుపోయింది.

ఇల్లు మారడం ఎంతవరకు కుదురుతుందన్నదే అసలు లెక్క. 2011 నుంచి ఫోన్ నంబరు మార్చకుండానే కంపెనీ మారగలుగుతున్నాం. మాస్టడాన్‌లో అది సగమే కుదురుతుంది: కొత్త సర్వర్‌కు ఫాలోవర్లు వస్తారు, పాత పోస్టులు రావు. 2024 ఫిబ్రవరిలో అందరికీ తలుపు తెరిచిన బ్లూస్కైలో డొమైన్ పేరే మన ఖాతా పేరుగా పెట్టుకోవచ్చు, పోస్టులతో సహా వేరే సర్వర్‌కు మారవచ్చు. అయితే ఎక్కువమంది ఖాతాల మూల చిరునామాలు రాసుకునే పట్టిక ఆ కంపెనీ పెట్టిందే. డొమైన్ కూడా శాశ్వతం కాదు. అదే నెలలో ఆఫ్ఘనిస్తాన్ డొమైన్ మీద నడుస్తున్న ఒక మాస్టడాన్ సర్వర్ పేరును తాలిబన్ ప్రభుత్వం తీసేసుకుంటే, అందులో ఉన్నవాళ్ల చిరునామాలన్నీ చెల్లకుండా పోయాయి.

హైదరాబాద్‌లో సర్వర్ నడపగల చేతులకు కొదవ లేదు. 2005 నుంచి స్వేచ్ఛ లాంటి సంస్థలు తెలుగులో ఎవరైనా వాడుకుని మార్చుకోగల ఫ్రీ సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తూనే ఉన్నాయి. నా అనుమానమల్లా అర్ధరాత్రి వచ్చే ఫిర్యాదు ఎవరు చదువుతారన్నదే. తెలుగు తిట్టును, అందులోనూ ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన కులం తిట్టును, జర్మనీలో కూర్చున్న నిర్వాహకుడు పట్టుకోలేడు. ఇక్కడివాళ్లే కూర్చోవాలి. సంకలినుల రోజుల్లో కొద్దిమంది ఉచితంగా ఆ పని చేసి అలిసిపోయారు. 2023లో మాస్టడాన్.లాల్ అనే సర్వర్ నిర్వాహకుడు ఒత్తిడి తట్టుకోలేక దాన్ని మూసేశాడు, అక్కడ వేలమంది ఉండగానే. చందాలు వేసుకుని ఇద్దరు ముగ్గురికి జీతమిచ్చే పద్ధతి తేలకపోతే ప్రొటోకాల్ ఎంత గొప్పదైనా కథ మళ్లీ అక్కడికే వస్తుంది.

అప్పటి తెలుగు గుంపుల్లో చెక్కుచెదరకుండా నిలిచినవాటిలో వికీపీడియా ఒకటి. సర్వర్లు అమెరికా సంస్థవైనా, లైసెన్సు ప్రకారం ఎవరైనా మొత్తం దించుకుని ఇంకోచోట పెట్టుకోవచ్చు, మార్పుల చరిత్రతో సహా. అక్కడ వాడుకరి పేరు తెలుగులో పెట్టుకోవచ్చు కూడా. మాస్టడాన్‌లో పైన కనబడే పేరు తెలుగులో రాసుకోనిస్తారు గానీ, ఖాతా చిరునామాకు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఇంకేవీ ఒప్పుకోరు.